సైకిలెక్కిన బొడ్రాయి

పోలయ్య నెత్తిమీద సైకిలుంది.

అసలు ఉండాల్సింది అట్లా కాదు. సైకిలు మీద తిరగళ్ళుండాలి, దాన్ని తోసుకుంటూ పక్కన పోలయ్య నడవాలి. వారంవారం మాచెర్ల సంతకు అట్లాగే పోయేవాడు. ఆ రోజు మాత్రం తిరగళ్ళు రెండూ మునసబు చెంచురామయ్య అరుగు ముందు దుమ్ములో పడి ఉన్నాయి, సైకిలు గాల్లోకి లేచింది. ముందుచక్రం ఊరికే తిరుగుతోంది. గొలుసుకు పట్టించిన ఆముదం కారి కణత మీదుగా పోలయ్య మీసంలోకి దిగుతోంది.

"నేనెక్కలేదు గదయ్యా, నడిచే పోతన్నా," అన్నాడు అంతకుముందు, మునసబు కేకకు సైకిలు ఆపి.

"నువ్వు నడుస్తన్నావురా. అది దొర్లతంది," అన్నాడు మునసబు. "నా అరుగు ముందర వడ్డెరోడి చక్రం దొర్లేది లేదు. ఎత్తుకో."

"దేన్నయ్యా?"

"దాన్నే. నెత్తిమీద పెట్టుకోని వీధి చివరిదాకా పో. ఆనక వచ్చి నీ రాళ్ళు తీసకపో."

అరుగు మీద ఆకువక్క నములుతున్న నలుగురూ నవ్వారు. "లడాయిలో తెల్లోళ్ళకి మోశాడంట, మనకి మొయ్యడా?" అన్నాడొకడు. పోలయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే కట్లు విప్పి తిరగళ్ళు దించాడు, సైకిలు నడుం పట్టుకొని తలపాగా మీదికి ఎత్తుకున్నాడు, కదిలాడు.

అతని పెళ్ళాం మల్లమ్మ పదడుగుల వెనక నిలబడింది. ఆమె నెత్తిన గంపలో నాలుగు పొత్రాలున్నాయి. ఆ బరువు ఆమెకు తెలియలేదు. మొగుడి మెడనరాలు తాళ్ళలాగా లేవడం చూసింది. వీధి చివరిదాకా నలభై ఇళ్ళు. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు నిలబడి చూశారు. ఆమె ఎవరి మొహమూ మర్చిపోదల్చుకోలేదు. అన్నిటికంటే మునసబు మొహం. ఆయన నోటి నిండా ఎర్రటి ఉమ్ము పెట్టుకొని, అది కారకుండా తల వెనక్కి వంచి నవ్వాడు. ఆ నవ్వు ఆమె కడుపులోకి దిగి అక్కడే కూర్చుంది.

ఇంటికొచ్చాక పోలయ్య బూడిదతో మొహం రుద్దుకున్నాడు. ఊరికి దూరంగా, రాయి తీసే గుంట ఒడ్డున వాళ్ళ గుడిసె. మిలిటరీ కూలీగా బర్మా మీదుగా సైగాను దాకా పోయి, ఏడాది కిందట తిరిగొచ్చిన మనిషి పోలయ్య. తెచ్చుకున్నది ఆ సైకిలొక్కటే, గుంటూరులో పాతది కొన్నాడు.

"సైగానులో సైకిలు మీద నేను చూడని బరువు లేదే మల్లీ," అన్నాడు మీసం తుడుచుకుంటూ. "మనిషి మీద సైకిలు మాత్రం ఇయ్యాలే చూశా."

"నవ్వుతావేంది మావా?"

"ఏడిస్తే దిగుద్దా నూనె?"

మల్లమ్మ సుత్తీ ఉలీ తీసుకొని తిరగలి ముందు కూర్చుంది. పిండి మెదగడానికి రాతి మొహం మీద సన్నగా గంట్లు కొట్టాలి. చేయి తేలికగా ఉండాలి, ఉలి కొంచెం వాలుగా ఉండాలి. పన్నెండేళ్ళ నుంచి కొడుతోంది, ఒక్క రాయి పాడుచెయ్యలేదు. ఆ సాయంత్రం ఒక్కో దెబ్బా మునసబు నెత్తిన వేస్తున్నట్టు వేసింది. పదో పదకొండో దెబ్బకు తిరగలి రెండు ముక్కలైంది. పోలయ్య ముక్కలు చేతిలోకి తీసుకొని చూశాడు. వాటిని గోడ పక్కన పెట్టాడు. అతను తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

మూడోరోజు చావిడి నుంచి కబురొచ్చింది, రాతిపనివాళ్ళంతా రావాలని.

ఊరికి వేరే కష్టం వచ్చిపడింది. నడిబొడ్డున ఉండే బొడ్రాయి ఆ ఎండాకాలం నిలువునా చీలింది. చీలిన నెలలోనే వాంతులూ భేదుల గత్తర వచ్చి పదకొండు మందిని తీసుకుపోయింది. కొత్త రాయి నిలిపితే గాని ఊరు నిలవదని అందరూ అనుకున్నారు. దుర్గి శిల్పులు రాయి చెక్కేశారు. వైశాఖ పున్నమి నాడు, పొద్దు వాలకముందు ముహూర్తం. ఇంతలో ఎడ్లకు గాలికుంటు తగిలింది. ఊళ్ళో ఏ ఎద్దూ గిట్ట నేల మీద మోపడం లేదు. నోటి నుంచి చొంగ, గిట్టల మధ్య పుండ్లు. పక్క ఊళ్ళవాళ్ళు తమ ఎడ్లను ఈ ఊరి పొలిమేర తొక్కనివ్వమన్నారు. పదిమైళ్ళ అవతల దుర్గిలో రాయుంది, ముహూర్తం ఎల్లుండి.

"నలుగురం భుజాన వేసుకోని తెస్తే పోలా?" అన్నాడొక కాపు.

"భుజాల మీద పోయేది పాడె," అంది బసవమ్మ. అమ్మవారి గుడి చూసుకునే కుమ్మరి ముసలమ్మ ఆమె. ఏ కొలుపులో ఏది ముందో ఏది తర్వాతో ఊరు మొత్తానికి ఆమెకే తెలుసు. "ఊరికి బొడ్డు చక్రం మీద రావాల. భుజాల మీద తెచ్చి నిలిపితే ఈసారి ఇరవైరెండు పోతయ్యి."

బండి కాడి కింద మనుషులే మెడలు పెడితే ఏమని మునసబు అడిగాడు. కాపులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తమ మెడలు కాడి కిందివి కావన్నట్టు. ఊరవతలి పల్లెలో అడిగితే బాలశౌరి మేస్త్రి అందరి తరపునా ఒకటే మాట చెప్పి పంపాడట: తాము యేసు బిడ్డలయ్యామనీ, రాళ్ళ సంగతి తమను అడగొద్దనీ.

చావిడి బయట, చెప్పులు విడిచేచోట మల్లమ్మ నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఆమెను ఎవరూ అనలేదు. మాట్లాడమని అంతకంటే అనలేదు.

"మా సైకిలుంది," అంది.

ముందు నవ్వులు లేచాయి. పోలయ్య వెనక్కి తిరిగి పెళ్ళాన్ని చూశాడు. ఆమె కళ్ళు చూసి ఏం గ్రహించాడో, గొంతు సవరించుకున్నాడు.

"పట్టుద్దయ్యా," అన్నాడు. "సైగానులో అద్దాల బీరువా ఒకటి సైకిలు మీద పోతంటే చూశా. దాని ఎనక నేను నడుస్తా ఉంటే నా మొహం నాకే కనపడింది. బతికున్న పందిని ఎల్లకిల కట్టుకోని పోతారు, అది మేఘాలు చూసుకుంటా పోద్ది. ఒకాయన మంచంతో సహా వాళ్ళమ్మని తీసకపోయాడు. ఎక్కి తొక్కరు. తోస్తారు. దారి తెలిస్తే నాలుగు బస్తాలు తోస్తారు."

"బొడ్రాయి సైకిలెక్కడమేందిరా, సిగ్గులేకుండా?" అన్నాడు మునసబు.

"బండికి చక్రాలెన్ని?" అంది బసవమ్మ.

"రెండు."

"దానికో?"

ఈసారి నవ్వులు మునసబు వైపు తిరిగాయి, కానీ సన్నగా. పదకొండు పాడెలు మోసిన ఊరు అది, ఎక్కువసేపు నవ్వలేదు. సైకిలే దిక్కని తేలిపోయింది.

"అవ్వా," అంది మల్లమ్మ బయటినుంచే. "రాయి వచ్చినాక మునసబుగారు కాళ్ళు కడగాల గదా?"

"కడగాల. లాగొచ్చినవాటి కాళ్ళు పసుపునీళ్ళతో కడగందే రాయి దించకూడదు. ఆయన నాయన కడిగాడు, తాత కడిగాడు. ఎడ్ల కాళ్ళు కడిగితే ఊరి కాళ్ళు కడిగినట్టే."

"మరి సైకిలైనా అంతేనా?"

"ఎవురు తెచ్చినా అంతే."

మునసబు ఉమ్మి వచ్చి, "ముందు తెండి చూద్దాం," అన్నాడు. ఆ మాట చాలు మల్లమ్మకు. మూడురోజుల్లో మొదటిసారి ఆ రాత్రి కడుపునిండా తిన్నది. చక్రాలే సైకిలుకు కాళ్ళు. దొర్లకూడదన్న చక్రాల ముందు మునసబు చెంబు పట్టుకొని వంగాలి. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా వంగాలి.

"నీకిదంతా ఎందుకే?" అన్నాడు పోలయ్య. "నేను మర్చిపోలా?"

"నువ్వు మర్చిపో మావా. మొయ్యటం నీ పని, గుర్తుపెట్టుకోటం నా పని."

మర్నాడంతా సైకిలుతోనే సరిపోయింది. పోలయ్య గొలుసు తీసేశాడు, కాళ్ళకు తగలకుండా పెడళ్ళు తీసేశాడు, సీటు పీకేశాడు. సీటు గొట్టంలో నడుమెత్తు కర్ర దిగ్గొట్టాడు, వెనకనుంచి పట్టుకొని నిలబెట్టడానికి. హ్యాండిలుకు అడ్డంగా బారెడు వెదురు కట్టాడు, పక్కన నడుస్తూ తిప్పడానికి. టైర్లు ఊడదీసి, ట్యూబుకు గుడ్డపేలికలు గట్టిగా చుట్టి మళ్ళీ ఎక్కించాడు. మిలిటరీ నిక్కరు ముందు చక్రంలోకి పోయింది, మల్లమ్మ పాత చీర వెనక చక్రంలోకి పోయింది. కమ్మీ మీదా కారియరు మీదా వెదురుబద్దలతో పడక అల్లాడు. పని జరుగుతున్నంతసేపూ ఈలవేశాడు. ఈ మనిషికి ఇంత పనితనముంది, రోషం ఒక్కటే ఇవ్వలేదు దేవుడు, అనుకుంది మల్లమ్మ.

పున్నమి నాడు తెల్లవారేసరికి దుర్గిలో ఉన్నారు. శిల్పులు సైకిలు చూసి పకపక నవ్వారు, తర్వాత వాళ్ళే చెయ్యేశారు. మూడడుగుల రాయి, బస్తాన్నర బియ్యమంత బరువు. పసుపుగుడ్డ చుట్టి, వెదురు పడక మీద పొడుగ్గా పడుకోబెట్టారు. పోలయ్య కట్టిన కట్లు వాళ్ళలో ఒకడు లాగి చూశాడు. "ఏ ఊరి కట్లురా ఇయ్యి?" అన్నాడు. పోలయ్య నవ్వి ఊరుకున్నాడు.

ఎడమపక్క వెదురు పట్టుకొని పోలయ్య, వెనక కర్ర పట్టుకొని మల్లమ్మ. ఒక్కసారి కదిలాక సైకిలు వాళ్ళు అనుకున్నంత మొండికెయ్యలేదు. గట్టి బాట మీద తనంతట తనే పోతున్నట్టుంది. వాలు దగ్గర వెనక్కి పట్టాలి, గుంట దగ్గర ముందుచక్రం కొంచెం లేపాలి. పోలయ్య నోటితోనే చెబుతూ పోయాడు: పట్టు, వదులు, ఆగు, పట్టు. తంగేడు పొదల్లోంచి వచ్చిన గొర్రెలకాపరి ఒకడు వాళ్ళను చూసి కర్ర కింద పడేసి దణ్ణం పెట్టాడు. సైకిలుకో, గుడ్డలో ఉన్న రాయికో తెలియలేదు.

"నాకు పెట్టాడేమో," అన్నాడు పోలయ్య. మల్లమ్మకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఈ రోజు నవ్వు సాయంత్రానికి దాచుకుంది.

వాగు దగ్గరికి వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. నీళ్ళు లేవు. ఇసుక, రెండువందల గజాల ఇసుక. ఎడ్లబండి చక్రం వెడల్పుగా ఉంటుంది, ఇసుకలో పోతుంది. సైకిలు చక్రం కత్తిలాగా దిగుతుంది. పోలయ్యకు ఇది ముందే తెలుసు. గట్టు మీద తాటిమట్టలు నాలుగు నరికి తెచ్చాడు. రెండు మట్టలు పరిచి సైకిలు వాటి మీదికి తోయడం, ముందు ఇంకో రెండు పరవడం, దాటిన రెండూ లాగి మళ్ళీ ముందుకు తేవడం. అట్లా ఆరేసి అడుగులు. మల్లమ్మ మట్టలు మోసింది, పోలయ్య నిలబెట్టాడు.

సగం దాటాక ఒక మట్ట పక్కకు జరిగింది. ముందుచక్రం ఇసుకలోకి దిగింది, సైకిలు ఎడమపక్కకు ఒరిగింది. పోలయ్య వెదురు వదిలి రాయి కింద భుజం పెట్టాడు. కుడికాలు మెలిపడింది. ఏదో కలుక్కుమన్న చప్పుడు మల్లమ్మకు వినపడింది.

"పట్టు!" అన్నాడు.

ఆమె కుడిపక్కనుంచి కట్టుతాడు రెండు చేతులతో పట్టుకొని వెనక్కి వాలింది. రాయి నేలకు జానెడు ఎత్తులో ఆగింది. నేల తగిలితే అయిపోయినట్టే. మైలపడ్డ రాయిని ఏ ఊరూ నిలపదు.

ఆ క్షణంలో ఆమె బుర్రలో ఒక పాడు ఆలోచన మెరిసింది. మొగుణ్ణి పక్కకు జరగమని చెప్పి చెయ్యి వదిలేస్తే? వీధి పొడుగునా గుమ్మాల్లో నిలబడి చూసినవాళ్ళందరికీ బొడ్డు లేకుండా పోతుంది. గత్తరొచ్చినా సరే, ఏమొచ్చినా సరే. ఊరి మీద జాలితో ఆమె చెయ్యి ఆగలేదు. రాయి నేల తగిలితే మునసబు వంగడు. అందుకని వదల్లేదు. పళ్ళు బిగబట్టి లాగింది, సైకిలు నిలబడింది.

పోలయ్య చీలమండ అప్పటికే ఉబ్బింది. కాలు మోపగలడు గాని తొయ్యలేడు. కర్ర పట్టుకొని ఒరగకుండా నిలబెట్టడం వరకూ అవుతుందన్నాడు.

"ఇంకా నాలుగు మైళ్ళుందే. పోయి ఎవురినన్నా పిల్చకరా."

"ఎవుర్ని పిలిచినా, తెచ్చింది వాళ్ళయితది," అంది మల్లమ్మ.

రాళ్ళు లాగే మోకు వెంట తెచ్చుకున్నారు. దాన్ని హ్యాండిలు కింది గొట్టానికి ముడేసింది. రెండో కొస ఉచ్చు చేసి, పైటచెంగు నాలుగు మడతలు పెట్టి ఎదురురొమ్ము మీద వేసుకొని, ఉచ్చులోకి దూరింది. ముందుకు వంగింది. సైకిలు కదల్లేదు. మళ్ళీ వంగింది, ఈసారి నేల వైపే చూస్తూ, మోకాళ్ళు ఇసుకకు తగిలేంత కిందికి. కదిలింది.

వాగు దాటాక నాపరాళ్ళ బాట. ఎండకు కాలిన రాయి అంచులు బ్లేడుల్లాగా ఉన్నాయి. చెప్పులు ఆమెకు ఎన్నడూ లేవు. ఒక మైలు తర్వాత ఎడమకాలి బొటనవేలి గోరు లేచిపోయింది. ఆగలేదు. మోకు భుజం దగ్గర రవికను తినేసి చర్మం మీదికి వచ్చింది. ఒక్కో అడుగుకూ ఒకే మాట అనుకుంది: వంగాల, వంగాల, వంగాల. ఎవరు వంగాలో, ఎవరు వంగుతున్నారో ఆ సమయంలో ఆమెకు తోచలేదు. వెనకనుంచి పోలయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక సైకిలు మీద తొంభై కోళ్ళను చూశానన్నాడు, తలకాయలన్నీ కిందికి వేలాడుతుంటే మొత్తం సైకిలే కూసినట్టుండేదట. కొంతదూరం పోయాక అతనికీ మాటలు ఆగిపోయాయి.

పొలిమేర దగ్గర డప్పులు వినపడ్డాయి. ఊరంతా ఎదురొచ్చింది. మునసబు తలపాగా చుట్టుకొని ముందు నిలబడ్డాడు. ఆయన వెనక ఆయన బండి ఉంది, కాడి కింద నలుగురు జీతగాళ్ళు తలకాయలు దించుకొని ఉన్నారు.

"బాగా తెచ్చార్రా," అన్నాడు పెద్దమనసుతో. "ఇక్కడికి చాలు. రాయి బండిమీదికి మార్చండి. ఊళ్ళోకి మర్యాదగా రావాల గదా."

మల్లమ్మ రొమ్ము మీది మోకును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. బసవమ్మ కర్ర ఊపుకుంటూ ముందుకొచ్చింది.

"మర్యాద సంగతి ఆనక. ఎక్కిన బండి దిగితే గుంటలోకే దిగాల. నడమంత్రాన దించితే నేను బాధ్యురాల్ని కాదు, చెప్తుండా."

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. గత్తరలో పిల్లను పోగొట్టుకున్న ఒక తల్లి మునసబుకు అడ్డంగా నిలబడి, "ఎవురూ ముట్టుకోమాకండి," అని అరిచింది. జీతగాళ్ళు కాడి వదిలి పక్కకు జరిగారు.

ఇంతమంది ముందు గొడ్డులాగా మోకులో ఉండటానికి మల్లమ్మకు సిగ్గేసింది. ఊరు వచ్చేసింది, ఇక పదిమందీ చెయ్యేస్తారు. ఉచ్చు తల మీదుగా తియ్యబోయింది.

"తియ్యమాక," అన్నాడు పోలయ్య వెనకనుంచి, మెల్లగా. "ఉండనీ."

"ఎందుకు?"

"ఉండనీయవే."

అతని గొంతులో నవ్వు లేదు. ఆమె ఉచ్చు వదిలేసి మళ్ళీ వంగింది.

నడివీధి. నలభై ఇళ్ళు. ప్రతి గుమ్మంలోంచీ ఆడవాళ్ళు బిందెలతో వచ్చి చక్రం ముందు నీళ్ళు వారపోశారు. ఆ నీళ్ళు ముందు మల్లమ్మ కాళ్ళ మీద పడ్డాయి, తర్వాతే చక్రాలకు తగిలాయి. వెనక్కి చూస్తే తడినేల మీద తన అడుగులు ఎర్రగా కనపడ్డాయి. మునసబు అరుగు ముందు ఆయన భార్య రంగనాయకమ్మ కొబ్బరికాయ కొట్టింది. చక్రాలు ఆ అరుగు ముందు నుంచే దొర్లాయి. ఎవరూ ఎత్తుకోమనలేదు.

గుంట తవ్వి, నవధాన్యాలు పోసి సిద్ధంగా ఉంచారు. సైకిలు గుంట అంచున ఆగింది. పోలయ్య రెండు చేతులతో కర్ర పట్టుకొని, ఒంటికాలి మీద నిలబడ్డాడు. చెమట గడ్డం నుంచి కారుతోంది.

"గడియే ఉంది," అన్నాడు ముహూర్తం పెట్టిన పంతులు, నీడ చూసి. "త్వరగా కానివ్వండి."

రంగనాయకమ్మ పళ్ళెమూ పసుపునీళ్ళ చెంబూ తెచ్చి భర్త చేతికిచ్చింది. జనం గుండ్రంగా దగ్గరికి జరిగారు. మల్లమ్మ ఊపిరి అందక నిలబడింది. ఈ నిమిషం కోసమే పదిమైళ్ళు వచ్చింది.

"కడగండయ్యా," అంది. గొంతు బొంగురుగా వచ్చింది. "మా సైకిలు చక్రాలు కడగండి."

మునసబు చెంబు వంచలేదు. తొందరపడలేదు. ఈ సంగతి ఆయన ఇంట్లో కూర్చొని బాగానే ఆలోచించుకున్నట్టుంది.

"అవ్వా, ఆచారం నువ్వే చెప్పు," అన్నాడు అందరికీ వినపడేట్టు. "మా నాయన కడిగింది ఎడ్ల కాళ్ళా, బండి చక్రాలా?"

"ఎడ్ల కాళ్ళే నాయనా."

"ఏ మునసబన్నా, ఏ కాలానన్నా చక్రాలు కడిగాడా?"

"లేదు."

"లాగిన కాళ్ళే గదా కడగాల్సింది?"

"లాగిన కాళ్ళే."

"మరి ఈ ఇనప ముక్కకి కాళ్ళున్నయ్యా?" అని ఆయన చెంబు కింద పెట్టబోయాడు. "కాళ్ళు లేవు, కడిగేది లేదు. దించండ్రా రాయి."

కొందరు నవ్వారు. మునసబుది మంచి మాట అన్నారు. మల్లమ్మకు గోరు లేచిన వేలు అప్పుడు నొప్పి పెట్టింది, అంతవరకూ పెట్టనిదంతా ఒక్కసారి పెట్టింది. ఇంత చేసి వాడి మాటకు ఓడిపోయింది. రాయిని వాగులోనే వదిలెయ్యాల్సింది. ఏడుపొచ్చింది, వీళ్ళ ముందు ఏడవకూడదని పెదవి కొరికింది.

"దించమాకండి," అంది బసవమ్మ.

"ఏందవ్వా ఇంకా?"

"నువ్వన్నది నిజమే నాయనా. లాగిన కాళ్ళే కడగాల." ముసలమ్మ కర్ర ఎత్తి చూపింది. "ఇయ్యిగో, లాగిన కాళ్ళు."

కర్ర కొస మల్లమ్మ పాదాల దగ్గర ఆగింది. అందరి చూపూ అక్కణ్ణుంచి పైకి పాకింది: రక్తం, దుమ్ము, తడిసిన చీర అంచు, రొమ్ముకు అడ్డంగా మోకు. మోకు రెండో కొస ఇంకా హ్యాండిలుకే ఉంది.

ఎవరూ నవ్వలేదు. "వడ్డెర ఆడదాని..." అన్నాడు మునసబు, మిగతాది అనలేదు.

"నువ్వు లాగావేమో గదరా?" అన్నాడు పోలయ్యతో, దారి చూపించమన్నట్టు.

"లేదయ్యా," అన్నాడు పోలయ్య. "నేను ఒరక్కుండా పట్టుకున్నా, అంతే. వాగు కాణ్ణుంచి లాగింది అదే. ఇంకెంతసేపో పట్టుకోలేనయ్యా. కాలు జారుతంది."

నిజంగానే కర్ర వణికింది. రాయి ఒక అంగుళం పక్కకు వాలింది. జనంలోంచి "అమ్మో" అని లేచింది. పిల్లను పోగొట్టుకున్న తల్లి మునసబు మొహంలోకి సూటిగా చూసి, "కడగవయ్యా," అంది. ఇంకెవరో అన్నారు. తర్వాత చాలామంది అన్నారు. మొన్న గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళే వీళ్ళు. మల్లమ్మ వాళ్ళను గుర్తుపట్టింది, ఒక్కరినీ వదలకుండా.

రంగనాయకమ్మ ముందుకొచ్చి, "నేను కడుగుతా, ఇటియ్యండి," అని చెంబు అందుకోబోయింది.

"మునసబే కడగాల తల్లీ," అంది బసవమ్మ.

పంతులు మళ్ళీ నీడ చూశాడు.

చెంచురామయ్య తలపాగా సర్దుకున్నాడు. పంచె మోకాళ్ళ పైకి లాక్కొని, ఒక మోకాలు నేలకు ఆనించాడు. పళ్ళెం ముందుకు జరిపాడు. మల్లమ్మకు ముందు భయమేసింది, కాలు వెనక్కి పోబోయింది. ఆమె అడిగింది చక్రాల కోసం, ఇది ఆమె కలలో కూడా అడిగింది కాదు. పోలయ్య వైపు చూసింది. అతను నవ్వడం లేదు. పళ్ళు బిగబట్టి కర్ర పట్టుకొని, ఆమెకేసే చూస్తున్నాడు. ఈ మనిషి పొలిమేర దగ్గర ఉచ్చు ఎందుకు తియ్యనివ్వలేదో ఆమెకు అప్పుడు తెలిసింది. భయం పోయింది. దాని చోట్లో వెచ్చగా, నిండుగా ఇంకేదో వచ్చింది. మంచిదో చెడ్డదో ఆలోచించలేదు. చాలా బాగుంది.

ఎడమపాదం పళ్ళెంలో పెట్టింది.

పసుపునీళ్ళు పడ్డాయి. గోరు లేచినచోట భగ్గున మండింది. మునసబు రెండు వేళ్ళతో మాత్రమే తాకాడు, తాకీ తాకనట్టు. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. ఆయన మెడ వెనక చెమట పట్టి, తలపాగా అంచు తడిసి కనపడింది. ఇంత దగ్గరగా ఆయన మెడ ఆమె ఎన్నడూ చూడలేదు. నరాలు అక్కడ కూడా తాళ్ళలాగానే లేచాయి.

డప్పులవాళ్ళు అయిపోయిందనుకొని దరువెత్తారు. మునసబు చెంబు నేల మీద పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

మల్లమ్మ ఎడమకాలు తీసి, కుడికాలు పళ్ళెంలో పెట్టింది.

"ఇంకోటుందయ్యా," అంది.